ఒక మోటారు, ఎనిమిది రూల్స్: అపార్ట్‌మెంట్ నీళ్ల ఆటోమేషన్‌లో ఆదేశాల గొడవ తీర్చిన తీరు

కింద స్టిల్ట్, పైన ఐదు అంతస్తులు, పది ఫ్లాట్లు. హైదరాబాద్‌లో ఏ కాలనీలో చూసినా కనిపించే అపార్ట్‌మెంటే. నీళ్లకు రెండు దారులు: బోరు, రోజు విడిచి రోజు వచ్చే నల్లా. రెండూ 20,000 లీటర్ల సంపులో పడతాయి. అక్కడి నుంచి 10,000 లీటర్ల పైట్యాంకుకు ఎక్కించేది 3 హెచ్‌పీ సంపు మోటారు, నిమిషానికి సుమారు 250 లీటర్లు తోడుతుంది. బోరులో 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ ఉంది. కరెంటు పోతే 15 కేవీఏ జనరేటర్ లిఫ్టునీ, మెట్ల దగ్గరి లైట్లనీ, ఒక మోటారునీ మోస్తుంది.

వీటన్నిటికీ ఆటోమేషన్ పెట్టారు. సంపులో, పైట్యాంకులో నీటి మట్టం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్లు; మోటార్ల ప్యానెల్‌లో ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డు, దాని రిలేలు కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్) కాయిల్స్‌ని నడుపుతాయి; మధ్యలో పరికరాల సందేశాలు చేరవేసే ఎంక్యూటీటీ బ్రోకర్; రూల్స్ నడిపే హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్ ఉన్న చిన్న కంప్యూటర్, అదే హబ్. ఏ ఒక్క పరికరం పాడవలేదు, ఏ ఒక్క రూల్ తప్పుగా రాయలేదు. అయినా సంపు మోటారు ఓవర్‌లోడ్ రిలే (మోటారు వేడెక్కేంత కరెంటు లాగితే ఆపేది) పదేపదే ట్రిప్ అయ్యేది, లిఫ్టు మధ్యలో ఆగేది, కరెంటు ఉండగానే సంపు అడుగంటేది.

ఉన్న రూల్స్ ఇవి:

1. పైట్యాంకు 30 శాతం కన్నా తక్కువ, సంపు 25 కన్నా ఎక్కువ ఉంటే సంపు మోటారు ఆన్. పైట్యాంకు 95 దాటితే ఆఫ్.
2. సంపు 25 కిందికి పోతే సంపు మోటారు ఆఫ్. డ్రై రన్ (నీళ్లు లేకుండా మోటారు తిరగడం) కాకుండా.
3. సంపు 40 కిందికి దిగితే బోరు ఆన్. 90కి చేరితే ఆఫ్.
4. నల్లా పైపులో ప్రెషర్ ఉంటే బోరు ఆఫ్.
5. జనరేటర్ స్టార్ట్ అయితే బోరు ఆఫ్.
6. ఉదయం 5:30కి సంపు మోటారు ఆన్.
7. సాయంత్రం 6 గంటలకు తోట వాల్వ్ అరగంట ఓపెన్.
8. ఓవర్‌ఫ్లో పైపులో తడి తగిలితే సంపు మోటారు ఆఫ్.

వీటికి తోడు వాచ్‌మన్ చేతిలో ప్యానెల్ బటన్లు.

ఆరు సెకన్లకోసారి

ముందు ఓవర్‌లోడ్ సంగతి. ఉదయం అందరూ నీళ్లు వాడే వేళ. పైట్యాంకు 28 శాతం, సంపు సరిగ్గా 25 దగ్గర. లాగ్ ఇలా ఉంది:

6:42:10, సంపు 24.8, రూల్ 2, ఆఫ్
6:42:16, సంపు 25.3, రూల్ 1, ఆన్
6:42:22, సంపు 24.9, రూల్ 2, ఆఫ్
6:42:28, సంపు 25.2, రూల్ 1, ఆన్

నల్లా నీళ్లు సంపులో పడుతుంటే నీటి మట్టం అలలాడుతుంది. 2 మీటర్ల లోతు సంపులో 1 సెంటీమీటర్ అల అంటే 0.5 శాతం. అంటే 25 అనే గీత మీద ఆ అలే మోటారును ఆడిస్తోంది. మోటారుకు ఒక్కసారే పూర్తి వోల్టేజీ ఇచ్చే డైరెక్ట్ ఆన్‌లైన్ స్టార్టర్ మీద మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలు కరెంటుకు దాదాపు ఆరు రెట్లు లాగుతుంది. నిమిషానికి ఐదు స్టార్ట్‌లు పడితే వైండింగ్‌కూ, ఓవర్‌లోడ్ రిలేలోని బైమెటల్ పట్టీకీ చల్లారే వ్యవధే ఉండదు. రిలే ట్రిప్ అవుతుంది, వాచ్‌మన్ రీసెట్ నొక్కుతాడు, మళ్లీ అదే వరస. రిలే తన పని సక్రమంగా చేస్తోంది. దాన్ని అనుమానించి సెట్టింగ్ పెంచి ఉంటే మోటారే కాలిపోయేది. ఇలాంటి చోట చాలామంది చేసే తప్పు అదే.

రూల్ 1 సరైనదే, రూల్ 2 కూడా సరైనదే. రెండూ సంపు మోటారు కాయిల్‌కే నేరుగా ఆదేశం ఇస్తున్నాయి, ఎవరు చివర చెబితే వాళ్ల మాట చెల్లుతోంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. ఇక్కడ ఉన్నవి నాలుగు (రూల్స్ 1, 2, 6, 8), వాచ్‌మన్‌తో ఐదు.

హోమ్ అసిస్టెంట్‌లో ఆటోమేషన్ మోడ్స్ ఉన్నాయి కదా అని అడుగుతారు: సింగిల్, రీస్టార్ట్, క్యూడ్, ప్యారలల్. అవి ఒకే ఆటోమేషన్ నడుస్తుండగా అదే ఆటోమేషన్ మళ్లీ ట్రిగ్గర్ అయితే ఏం చేయాలో చెప్పేవి మాత్రమే. రెండు వేర్వేరు ఆటోమేషన్లు ఒకే స్విచ్ కోసం కొట్టుకుంటే మోడ్ కలగజేసుకోదు.

మందు వేస్తే పుట్టిన జబ్బు

లిఫ్టు ఆగిన కారణం రూల్ 5లో ఉంది. 7:00కి కరెంటు పోయి జనరేటర్ వచ్చింది, రూల్ 5 బోరును ఆపింది. 7:04కి సంపు 40 కిందికి దిగింది, రూల్ 3 బోరును ఆన్ చేసింది. రూల్ 5 జనరేటర్ స్టార్ట్ అయిన క్షణంలో ఒక్కసారి మాట్లాడి ఊరుకునే రకం, తర్వాత ఏం జరిగినా దానికి పట్టదు. 5 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు సుమారు 7.5 ఆంపియర్లు, స్టార్ట్ అయ్యేటప్పుడు 45 దాకా. 415 వోల్టుల దగ్గర 15 కేవీఏ జనరేటర్ ఇవ్వగలిగేది 21. వోల్టేజీ ఒక్కసారిగా పడిపోయింది. కాంటాక్టర్ కాయిల్స్ సరిగ్గా పట్టుకోవాలంటే రేటెడ్ వోల్టేజీలో కనీసం 85 శాతం ఉండాలి. మరీ పడిపోతే పట్టు వదిలేస్తాయి. లిఫ్టు కాంటాక్టర్లు వదిలేశాయి, లోపల మనుషులు.

వెంటనే ఎవరికైనా తట్టేది రూల్ 3కి ఒక షరతు తగిలించడం: జనరేటర్ నడవనప్పుడే బోరు ఆన్ చెయ్యి. అదే చేశారు. లిఫ్టు ఆగడం పోయింది, సంపు ఎండిపోవడం మొదలైంది.

ఎందుకంటే రూల్ 3 ట్రిగ్గర్ మట్టం 40ని దాటే క్షణంలో మాత్రమే పేలుతుంది. 7:04కి దాటింది, అప్పుడు జనరేటర్ ఉంది కాబట్టి షరతు అడ్డుకుంది. 7:40కి కరెంటు వచ్చింది, అప్పటికి సంపు 36. ఇంకా దిగుతూనే ఉంది గానీ 40ని మళ్లీ దాటడం అంటూ లేదు, ఎప్పుడో దాటేసింది. రూల్ ఇక పేలదు. 9 గంటలకు పది ఫ్లాట్లలో కుళాయిలు గాలి వదులుతున్నాయి.

ఈ రకం తప్పును బల్ల మీద టెస్ట్ చేస్తే పట్టుకోలేం, రూల్ ఒక్కొక్కటీ విడిగా చూస్తే అన్నీ పాస్. దాటిన క్షణాన్ని పట్టుకుని పనిచేసే రూల్‌కు షరతు తగిలిస్తే, షరతు అడ్డుకున్న ఆ ఒక్క క్షణంతో పాటు అవసరం కూడా మరుగున పడుతుంది. రూల్స్ ఎక్కువై గొడవలు వస్తున్నాయని షరతులు పెంచుకుంటూ పోయే ప్రతి ఇంట్లో ఈ గుంట ఉంటుంది.

ఇది స్మార్ట్ పరికరాలతో పుట్టిన సమస్య కాదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో కాల్ వెయిటింగ్, బిజీగా ఉంటే కాల్ ఫార్వర్డ్ రెండూ ఒకే నంబరుకు పెడితే రెండో కాల్ వచ్చినప్పుడు బీప్ ఇవ్వాలా, వేరే నంబరుకు మళ్లించాలా అనే తగువు 1980ల నుంచే ఇంజినీర్లకు తెలుసు.

గొడవ ఎక్కడుందో ముందు కాగితం మీద

ఎనిమిది రూల్స్ అంటే 28 జతలు. అన్నీ పరీక్షించక్కర్లేదు. కాగితం మీద అడ్డంగా రూల్స్, నిలువుగా పరికరాలు రాయాలి. పరికరాలతో ఆపకూడదు: సంపు నీరు, పైట్యాంకు నీరు, జనరేటర్ లోడు కూడా నిలువు వరసలే. రూల్ దేన్ని పెంచుతుందో అక్కడ ప్లస్, తగ్గిస్తే మైనస్, చదువుతుంటే చుక్క.

ఒకే వరసలో ప్లస్, మైనస్ రెండూ కనిపిస్తే అది నేరుగా గొడవ. సంపు మోటారు వరసలో 1, 2, 6, 8. బోరు వరసలో 3, 4, 5. ఒకరు మార్చేదాన్ని ఇంకొకరు చదువుతుంటే అది గొలుసు. తోట సంగతి ఇలాగే బయటపడింది. వాల్వ్ తెరుచుకుంటుంది, పైట్యాంకు దిగుతుంది, రూల్ 1 సంపు మోటారును లేపుతుంది, సంపు దిగుతుంది, రూల్ 3 బోరును లేపుతుంది. రూల్ 7 ఏ మోటారునూ ముట్టుకోదు, సాఫ్ట్‌వేర్‌లో దానికీ బోరుకూ సంబంధమే లేదు. వాటిని కలుపుతున్నది నీళ్లు. వేసవిలో భూగర్భ జలం పచ్చికకు పోతోందని లాగ్ చూస్తే తెలియదు, ఈ కాగితం చూస్తే తెలుస్తుంది.

ఆదేశాలు కాదు, అర్జీలు

మార్పు ఒక్కటే, మిగతావన్నీ దాని వెంట వచ్చినవి: ఏ రూల్ కూడా స్విచ్‌ను ముట్టుకోకూడదు. ప్రతి రూల్ ఒక అర్జీ పెడుతుంది. అర్జీలో మూడే విషయాలు: ఏం కావాలి, ఏ స్థాయి, ఎంతసేపు చెల్లుతుంది. ఒక్కో మోటారుకు ఒక్కటే తీర్పరి ఆటోమేషన్. కాయిల్‌కు ఆదేశం ఇచ్చే హక్కు దానికే.

ఈ ఆలోచన పెద్ద భవనాల ఆటోమేషన్ నుంచి తెచ్చుకున్నదే. 1995లో వెలువడిన బ్యాక్‌నెట్ ప్రమాణంలో ఆదేశించదగ్గ ప్రతి పాయింటుకూ 16 స్థాయిల వరస ఉంటుంది. 1, 2 ప్రాణ రక్షణకు, 5 కీలక యంత్రాలకు, 6 కనీస ఆన్–ఆఫ్ వ్యవధికి, 8 ఆపరేటర్ చేతి ఆదేశానికి. పైస్థాయిలో విలువ ఉన్నంతసేపు కిందివాళ్ల మాట చెల్లదు. పైవాడు తన గడి ఖాళీ చేస్తే కిందివాడి మాట దానంతటదే అమల్లోకి వస్తుంది. ఆన్, ఆఫ్ కాకుండా 'నాకేం అభిప్రాయం లేదు' అనే మూడో విలువ ఉండటం దీనికి ప్రాణం. జనరేటర్ ఆగిపోతే రూల్ 5 చెప్పాల్సింది 'బోరు ఆన్' కాదు, 'నా అడ్డు తీసేశాను' అని.

ఈ అపార్ట్‌మెంటుకు ఐదు స్థాయిలు సరిపోయాయి.

స్థాయి 1, నష్టం ఆపేవి: ఓవర్‌ఫ్లో తడి.
స్థాయి 2, యంత్రాన్నీ విద్యుత్తునూ కాపాడేవి: డ్రై రన్, జనరేటర్ లోడు, రెండు స్టార్ట్‌ల మధ్య విరామం.
స్థాయి 3, మనిషి: ఫోన్‌లో నొక్కిన బటన్. 30 నిమిషాలు చెల్లుతుంది.
స్థాయి 4, నీటి అవసరం: పైట్యాంకు, సంపు మట్టాలు, నల్లా ఉంటే బోరు వద్దనడం.
స్థాయి 5, టైమర్. 5:30 నుంచి గంట చెల్లుతుంది.

మనిషి మాట జనరేటర్ లోడు కన్నా కింద ఎందుకని కమిటీలో ఎవరైనా అడగొచ్చు. జనరేటర్ మీద బోరు వేస్తే నష్టపోయేది బటన్ నొక్కిన మనిషి కాదు, లిఫ్టులో ఉన్న మనిషి. అందుకే.

ఒకే స్థాయిలో రెండు అర్జీలు ఎదురుపడితే ఈ మోటార్లకు ఆఫ్ గెలుస్తుంది. దీన్ని అన్ని పరికరాలకూ రుద్దకూడదు. సెల్లార్‌లో వాన నీళ్లు తోడే పంపుకు ఆగిపోవడమే ప్రమాదం, అక్కడ ఆన్ గెలవాలి. ఎగ్జాస్ట్ ఫ్యానుకూ అంతే. ఫైర్ పంపును ఈ లెక్కలోకే తీసుకురాకూడదు, దాని ప్యానెల్ దానిదే.

చెల్లుబాటు గడువు లేకపోతే ఈ పద్ధతంతా ఒక్క నెలలో చెడుతుంది. బ్యాక్‌నెట్ భవనాల్లో నిత్యం ఎదురయ్యే జబ్బు ఇదే: ఎవరో రిపేరు కోసం 8వ స్థాయిలో ఆఫ్ రాసి, ఖాళీ చేయడం మరిచిపోతారు, ఆ ఏసీ యూనిట్ ఎందుకు రాదో నెలల తరబడి ఎవరికీ అర్థం కాదు.

తీర్పరి సంఘటనల వెంట పరుగెత్తదు. ఏదైనా అర్జీ మారినప్పుడూ, మారకపోయినా 30 సెకన్లకోసారీ, మొత్తం వరసను మొదటి నుంచి చదివి తీర్పు చెబుతుంది. 7:40కి కరెంటు వచ్చినప్పుడు స్థాయి 2 అడ్డు తొలగుతుంది, కింద 'సంపు 36, బోరు కావాలి' అనే అర్జీ ఇంకా బతికే ఉంటుంది, బోరు స్టార్ట్ అవుతుంది. పోయిన క్షణం అనే మాటే ఉండదు. హోమ్ అసిస్టెంట్‌లో దీన్ని రీస్టార్ట్ మోడ్‌లో పెట్టి, లోపల ఎక్కడా డిలే వాడకపోతే చాలు. డిలే పెడితే మధ్యలో తెగిపోయి సగం పని మిగులుతుంది. వ్యవధులన్నీ గడువు రూపంలోనే ఉండాలి.

అంకెలు

డ్రై రన్ అడ్డు 20 శాతానికి పడి, 35 దాటాకే తొలగుతుంది. మధ్యలోని 15 శాతం అంటే 3,000 లీటర్లు, 12 నిమిషాల పంపింగ్. ఈ రెండు అంకెల మధ్య దూరం అలల్ని బట్టి కాదు, మోటారు ఒకసారి మొదలైతే కనీసం ఎన్ని నిమిషాలు నడవాలో దాన్ని బట్టి పెట్టాలి. ఆగిన మోటారు 3 నిమిషాల దాకా మళ్లీ స్టార్ట్ కాదు. మోటారు మాన్యువల్‌లో గంటకు ఎన్ని స్టార్ట్‌లని ఉందో చూసి ఈ అంకె మార్చుకోవాలి.

కరెంటు తిరిగొచ్చాక సంపు మోటారు 20 సెకన్లకు, బోరు 60 సెకన్లకు. వీధిలోని మోటార్లన్నీ ఒకేసారి లేచే ఆ మొదటి కొన్ని సెకన్లలో వోల్టేజీ తక్కువగా ఉంటుంది.

తోట వాల్వ్ ఇప్పుడు పైట్యాంకు 60, సంపు 50 పైన ఉంటేనే తెరుచుకుంటుంది, పైట్యాంకు 50కి దిగితే మూసుకుంటుంది. మోటారు లేచే 30 దాకా తోట కారణంగా నీళ్లు దిగవు కాబట్టి గొలుసు మొదటి లింకు దగ్గరే తెగింది.

సెన్సర్ల దగ్గర రెండు జాగ్రత్తలు. వాటర్‌ప్రూఫ్ అల్ట్రాసోనిక్ సెన్సర్లకు ముందు 20–25 సెంటీమీటర్ల గుడ్డి మేర ఉంటుంది. నీళ్లు అంత దగ్గరికి వస్తే రీడింగ్ ఎటో ఎగురుతుంది, నిండిన ట్యాంకు ఖాళీగా కనిపించొచ్చు. సెన్సర్‌ను ఓవర్‌ఫ్లో మట్టానికి 30 సెంటీమీటర్లు పైన బిగించి, ఏడు రీడింగుల మీడియన్ (వరసలో పెడితే మధ్యలో వచ్చేది) తీసుకోవాలి. రెండోది ఇంకా ప్రమాదం: సెన్సర్ అందుబాటులో లేనప్పుడు టెంప్లేటులో (హోమ్ అసిస్టెంట్‌లో రీడింగ్‌ను లెక్కగట్టే సూత్రంలో) డిఫాల్ట్‌గా 0 రాసే అలవాటు. వైఫై పోయిన ప్రతిసారీ ట్యాంకు ఖాళీ అని అర్థమై మోటారు లేస్తుంది. రీడింగ్ 60 సెకన్లు రాకపోతే అది 0 కాదు, 'తెలియదు'. తెలియనప్పుడు అవసరం అర్జీ ఖాళీ అవుతుంది, రక్షణ అర్జీ ఆఫ్ అంటుంది.

ప్యానెల్ లోపల

పై లెక్కంతా తప్పినా నీళ్లు పొర్లకూడదు, మోటారు కాలకూడదు. ఆ భారం వైర్లదే. సంపు మోటారు కాయిల్ సర్క్యూట్‌లో వరసగా: పైట్యాంకు ఫ్లోట్, సంపు అడుగు ఫ్లోట్, ఓవర్‌లోడ్ కాంటాక్ట్, సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ (మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారును ఆపేది) కాంటాక్ట్, ఆ తర్వాత ఆటో–ఆఫ్–మాన్యువల్ సెలెక్టర్. మాన్యువల్‌లో పెట్టినా ఫ్లోట్లను దాటుకుని కరెంటు వెళ్లదు. వాచ్‌మన్ బటన్లు మాన్యువల్‌లోనే పనిచేస్తాయి, అందువల్ల రెండు అధికారాలు ఒకేసారి ఉండవు. ట్యాంకు కడగడానికి మనిషి దిగితే యాప్‌లో ఆఫ్ చేయడం చాలదు: సెలెక్టర్ ఆఫ్, ఐసొలేటర్ దించి తాళం, తాళం చెవి దిగే మనిషి జేబులో.

జనరేటర్ మీద బోరు రాకుండా, జనరేటర్ వైపు కాంటాక్టర్ సహాయక ఎన్‌సీ కాంటాక్ట్‌ను (ఆ కాంటాక్టర్ పట్టుకోగానే తెరుచుకునేది) బోరు కాయిల్‌తో సిరీస్‌లో వేశారు. ఈఎస్‌పీ32 బోర్డులో నడిచే ఈఎస్‌పీహోమ్ సాఫ్ట్‌వేర్‌లో రెండు రిలేలు ఒకేసారి లేవకుండా చూసే ఇంటర్‌లాక్ అనే సెట్టింగ్ ఉంది, బోర్డు హ్యాంగ్ అయితే లేదా రిలే కాంటాక్ట్ అతుక్కుపోతే అది కాపాడలేదు. అది అదనపు పొర, అసలు పొర ఇదే.

కాయిల్ మీద 100 ఓమ్‌లు, 0.1 మైక్రోఫారడ్ స్నబ్బర్ (స్పైక్‌ను మింగే చిన్న సర్క్యూట్) వేయకపోతే కాంటాక్టర్ వదిలినప్పుడల్లా పుట్టే స్పైక్ బోర్డును రీసెట్ చేస్తుంది. రీసెట్ అయ్యాక రిలే ఏ స్థితిలో లేవాలో రీస్టోర్ మోడ్ చెబుతుంది. మోటారుకు ఎప్పుడూ ఆల్వేస్ ఆఫ్. ఇంకొకటి, చాలామంది వెతికి వెతికి అలిసిపోయేది: ఈఎస్‌పీహోమ్ బోర్డుకు హబ్‌తో సంబంధం తెగితే డిఫాల్ట్‌గా 15 నిమిషాలకు తనే రీబూట్ అవుతుంది. మోటారు ప్యానెల్‌లో ఆ టైమౌట్‌ను 0 చేయాలి. దాని బదులు సొంత నియమం: హబ్ తన తీర్పును 30 సెకన్లకోసారి చెబుతూ ఉండాలి, 120 సెకన్లు వినపడకపోతే బోర్డు మోటారును ఆపుతుంది.

ఎంక్యూటీటీలో ఆదేశం టాపిక్‌కు (సందేశాలు వెళ్లే చిరునామాకు) రిటెయిన్, అంటే చివరి సందేశాన్ని బ్రోకర్ దాచి ఉంచే సెట్టింగ్, పెట్టకూడదు. 5:30 నాటి 'ఆన్' బ్రోకర్‌లో నిలవుండి, 11 గంటలకు బోర్డు తిరిగి కనెక్ట్ కాగానే కొత్త ఆదేశంలా చేతికొస్తుంది. స్థితి టాపిక్‌లకు రిటెయిన్ ఉండొచ్చు. పాత నిలవ ఉంటే అదే టాపిక్‌కు ఖాళీ సందేశాన్ని రిటెయిన్‌తో పంపితే చెరిగిపోతుంది.

పక్కదారులు

స్మార్ట్ ప్లగ్‌ల లోపల తయారీదారు యాప్ పెట్టిన షెడ్యూల్ దాక్కుని ఉంటుంది. తోట వాల్వ్ ప్లగ్‌లో అలాంటిది ఒకటి దొరికింది. హబ్‌కు తెలియకుండా వాయిస్ అసిస్టెంట్ నేరుగా పరికరంతో మాట్లాడటమూ అంతే. స్మార్ట్ పరికరాల కోసం 2022 అక్టోబరులో వచ్చిన మ్యాటర్ ప్రమాణం ఒకే పరికరాన్ని కనీసం ఐదు వ్యవస్థల్లో చేర్చుకునే వీలు ఇచ్చింది. ఐదుగురు ఐదు మాటలు చెబితే ఎవరిది వినాలో అది తేల్చదు, చివరి మాటే చెల్లుతుంది. మోటారు, వాల్వ్ లాంటివి ఒక్క హబ్‌లోనే ఉంచి, వాయిస్‌కు స్థాయి 3 అర్జీ బటన్ మాత్రమే చూపించాలి.

అప్పగించే ముందు పరీక్షలు: సంపు మట్టాన్ని 19 నుంచి 36 దాకా నకిలీ విలువలతో ఎక్కించి దించడం, మోటారు నడుస్తుండగా హబ్ ప్లగ్ పీకి 120 సెకన్లు లెక్కపెట్టడం, జనరేటర్ మీద ఫోన్‌లో బోరు ఆన్ నొక్కడం, సంపు 40 దాటే సమయానికి జనరేటర్ ఉండేలా చూసి, తర్వాత కరెంటు ఇవ్వడం, ఫ్లోట్‌ను చేత్తో ఎత్తడం. ఈ చివరిది సాఫ్ట్‌వేర్ అంతా ఆన్ అంటుండగా చేయాలి, అప్పుడే వైరింగ్ మాట ఎవరిదో తెలుస్తుంది.

తీర్పరి ప్రతి తీర్పుకూ ఒక వరస రాస్తుంది, గెలిచినవాళ్లతో పాటు ఓడినవాళ్లనూ:

19:12:30, బోరు ఆఫ్. గెలిచింది: జనరేటర్ లోడు, స్థాయి 2. ఆగింది: ఫోన్ బటన్ ఆన్, స్థాయి 3, ఇంకా 22 నిమిషాలు, సంపు అవసరం ఆన్, స్థాయి 4.

నేను నొక్కినా మోటారు రాలేదేంటని మూడో అంతస్తు నుంచి ఫోన్ వస్తే వాచ్‌మన్ ఈ వరస చదివి చెబుతాడు.